మేడలో ఏకాకి: ‘ప్రేమనగర్’ (1971) చిత్రంలో కులీన వైభవం, ఒంటరితనం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు సినిమాలో జమీందారీ కుటుంబాల జీవితాన్ని వైభవంగాను, విషాదంగాను ఒకేసారి చూపిన చిత్రాలలో ‘ప్రేమనగర్’ (1971) ముఖ్యమైనది. ఈ చిత్రాన్ని విమర్శకులు ప్రధానంగా ప్రేమకథగానే చదివారు. కథానాయకుడి ఒంటరితనానికి ప్రేమ వైఫల్యం ఒక్కటే కారణం కాదనీ, భూమి మీద అధికారం పోయి మేడ మాత్రమే మిగిలిన ఒక వర్గపు చారిత్రక స్థితి అందులో ఉందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 1939 నాటి ‘రైతుబిడ్డ’ మొదలు 1970ల నాటి తెలంగాణ నేపథ్య చిత్రాల వరకు భూస్వామి తెరరూపంలో వచ్చిన మార్పును ఇందుకు ఆధారంగా తీసుకుంటుంది.

కీలకపదాలు: ప్రేమనగర్, కోడూరి కౌసల్యాదేవి, జమీందారీ రద్దు, జాగీర్దారీ, షాద్‌నగర్, గడి, ఉద్యోగిని, ఒంటరితనం.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు నుంచి బెంగుళూరు వెళ్ళే రహదారి మీద శంషాబాదు దాటాక వచ్చే పట్టణం షాద్‌నగర్. ఈ పేరు మహారాజా కిషన్ పర్షాద్ (1864–1940) కవినామం మీదుగా వచ్చింది. చందూలాల్ వంశీకుడైన కిషన్ పర్షాద్ 1912 వరకు నిజాం రాజ్యానికి ప్రధానిగాను, 1926 నుంచి 1937 వరకు కార్యనిర్వాహక మండలి అధ్యక్షుడిగాను పనిచేశాడు. ఉర్దూ, ఫారసీ భాషలలో ‘షాద్’ పేరుతో కవిత్వం రాశాడు. ‘షాద్’ అంటే సంతోషంగా ఉన్నవాడు. కొద్ది దూరంలోని శంషాబాదు పేరును పాయెగా ప్రభువులైన షంసుల్ ఉమ్రా వంశంతో ముడిపెడతారు. అంటే ఈ దారి పొడవునా ఊళ్ళ పేర్లలో కులీనుల బిరుదులు, కవినామాలు నిలిచి ఉన్నాయి. ఆ పేర్లకు ఆధారమైన జాగీరు వ్యవస్థ మాత్రం 1949 ఆగస్టులో వచ్చిన రద్దు శాసనంతో ముగిసింది.

ఆ శాసనం తర్వాత 22 ఏళ్ళకు, 1971 సెప్టెంబరు 24న, ‘ప్రేమనగర్’ చిత్రం విడుదలయింది. అందులోని ‘నగర్’ ఊరు కాదు, ఒక మేడ. జమీందారు బిడ్డ కల్యాణ్ తాను ప్రేమించిన లత కోసం కట్టించిన భవంతి అది. కులీనుడి పేరు మీద ఒక ఊరు వెలసిన కాలానికీ, ఒక మేడ మాత్రమే కట్టుకోగలిగిన కాలానికీ నడుమ ఏమి జరిగిందన్నది చరిత్రకు సంబంధించిన ప్రశ్న. ఊరికి పేరు పెట్టాలంటే ఆ ఊరి మీద అధికారం ఉండాలి. మేడకు పేరు పెట్టడానికి డబ్బు చాలు. కల్యాణ్ ఒంటరితనాన్ని ఈ రెండింటి మధ్య ఉన్న దూరంలో వెతకడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇక్కడ ఒక భేదాన్ని ముందే గుర్తించాలి. తెలంగాణలోని జాగీరు వ్యవస్థ, కోస్తాంధ్రలోని జమీందారీ వ్యవస్థ ఒకటి కావు. మొదటిది నిజాం రాజ్యంలో సేవకు ప్రతిఫలంగా దక్కిన భూమిశిస్తు హక్కు. రెండవది బ్రిటిషు పాలనలో శాశ్వత శిస్తు నిర్ణయంతో స్థిరపడిన హక్కు. అయినా రెండూ దాదాపు ఒకే సమయంలో అంతమయ్యాయి. మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో రాగా, హైదరాబాదు జాగీర్ల రద్దు శాసనం మరుసటి ఏడాది వచ్చింది. తెలుగు ప్రేక్షకుడు ఏ ప్రాంతం వాడైనా 1971 నాటికి ‘జమీందారు’ అన్న మాటను గతానికి చెందిన మాటగానే వింటున్నాడు.

2. చట్టానికి ముందు, చట్టానికి తర్వాత: తెర మీద జమీందారు

తెలుగు తెర మీద జమీందారు మొదట ఒంటరివాడుగా రాలేదు. గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వం వహించిన ‘రైతుబిడ్డ’ (1939)లో అతడు రైతును పీడించే వ్యవస్థకు ప్రతినిధి. టంగుటూరి ప్రకాశం నాయకత్వంలోని జమీందారీ విచారణ సంఘం 1938లో నివేదిక ఇచ్చిన వాతావరణంలో ఆ చిత్రం తయారైంది. దాన్ని నిర్మించిన సారథి సంస్థ వెనుక చల్లపల్లి జమీందారు ఉండడం విచిత్రమే. అయినా తక్కిన జమీందార్ల ఆగ్రహాన్నీ, ప్రభుత్వ నిషేధాన్నీ ఆ చిత్రం ఎదుర్కొంది. జమీందారు చేతిలో శిస్తు, బేదఖలు, శాసనసభలో పలుకుబడి ఉన్నంతకాలం అతడి మనసులో ఏముందో తెలుసుకోవలసిన అవసరం కథకు కలగలేదు. అతడు ఏం చేస్తున్నాడన్నదే కథ.

1948 చట్టం తర్వాత ఈ దృష్టి మారింది. వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో 1953లో వచ్చిన ‘దేవదాసు’ ఈ మార్పుకు తొలి గుర్తు. శరత్ నవల 1917 నాటిది, బెంగాలీ నేలది. అయితే తెలుగు ప్రేక్షకులు దాన్ని ఎస్టేట్లు రద్దవుతున్న కాలంలో చూశారు. జమీందారు కొడుకైన దేవదాసు తన ఇంటిలో నిలవలేక దారిన పడ్డాడు. చివరకు పార్వతి అత్తవారి దివాణం గుమ్మం ముందు ప్రాణం విడిచాడు. పార్వతిది మరొక రకమైన ఒంటరితనం. వయసు మళ్ళిన జమీందారుకు భార్యగా, పెద్ద ఇంటికి యజమానురాలిగా, సవతి బిడ్డలకు తల్లిగా ఆమెకు క్షణం తీరిక లేదు. చుట్టూ మనుషులున్నా మనసు చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

అంతకు రెండేళ్ళ ముందే బి. ఎన్. రెడ్డి ‘మల్లీశ్వరి’ (1951) రాజాంతఃపురాన్ని ఇదే చూపుతో చూసింది. కృష్ణదేవరాయల కాలపు ఆ కథలో పల్లెపిల్ల నగలతో, పల్లకితో రాణివాసానికి చేరుతుంది. వచ్చినది వైభవం, పోయినది స్వేచ్ఛ. ఈ రెండు చిత్రాలలోనూ వైభవం, ఒంటరితనం ఒక్క గుమ్మం దగ్గరే ఎదురవుతాయి. మల్లీశ్వరి ఆ గుమ్మం దాటి బయటకు రావాలని కోరుకుంటుంది. దేవదాసు ఆ గుమ్మం దాటి లోపలికి వెళ్ళలేడు. ‘ప్రేమనగర్’లోని కల్యాణ్ లోపలే ఉంటాడు. అతడికి ఎవరూ అడ్డు చెప్పరు, బయటకు వెళ్ళవలసిన పనీ లేదు. తెలుగు సినిమాలో కులీన వర్గపు ఏకాకితనం పొందిన కొత్త రూపం ఇది.

3. 1971: చిత్రం వెలువడిన కాలం

‘ప్రేమనగర్’కు మూలం కోడూరి కౌసల్యాదేవి నవల. ఆమె ‘చక్రభ్రమణం’ నవల అంతకు ముందే ‘డాక్టర్ చక్రవర్తి’ (1964)గా తెరకెక్కింది. సురేష్ ప్రొడక్షన్స్ పతాకంపై డి. రామానాయుడు నిర్మించిన ‘ప్రేమనగర్’కు కె. ఎస్. ప్రకాశరావు దర్శకుడు. మాటలు, పాటలు ఆచార్య ఆత్రేయవి, సంగీతం కె. వి. మహదేవన్‌ది. అక్కినేని నాగేశ్వరరావు కల్యాణ్‌గా, వాణిశ్రీ లతగా నటించారు. ఇదే దర్శకుడి చేతిలో ఈ కథ తమిళంలో ‘వసంత మాళిగై’ (1972)గా, హిందీలో ‘ప్రేమ్ నగర్’ (1974)గా మళ్ళీ రూపొందింది. మూడు భాషల ప్రేక్షకులను ఆకట్టుకొన్న కథ ఒక ప్రాంతపు జమీందారీకే పరిమితమైనది కాదని ఈ పునర్నిర్మాణాలు సూచిస్తాయి.

చిత్రం విడుదలైన వారానికి, సెప్టెంబరు 30న, పి. వి. నరసింహారావు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఆయన ప్రభుత్వం చేపట్టిన భూసంస్కరణలు 1973 నాటి భూపరిమితి చట్టానికి దారితీశాయి. అదే ఏడాది డిసెంబరులో రాజ్యాంగ 26వ సవరణ మాజీ సంస్థానాధీశుల రాజభరణాలను, ప్రత్యేక గుర్తింపును రద్దుచేసింది. రాజభరణాలు సంస్థానాధీశులకే గాని జమీందార్లకు వర్తించేవి కావు. వీరికి దక్కినది నష్టపరిహారం, సొంత సాగు భూములు, భవనాలు. అయినా ‘రాజా’ అన్న పిలుపు ప్రజాస్వామ్యంలో చెల్లుతుందా అన్న చర్చ దేశమంతటా సాగుతున్న రోజులవి. సరిగ్గా ఆ రోజులలోనే తెలుగు ప్రేక్షకుడు ఒక ‘రాజా’ కథను కన్నీళ్ళతో చూశాడు. చట్టసభలో గుర్తింపు కోల్పోతున్న వర్గానికి సినిమా హాలులో సానుభూతి దొరకడం గమనించదగిన విషయం.

ఈ రెండింటినీ కార్యకారణాలుగా కలపడం తొందరపాటు అవుతుంది. నవల అంతకు ముందే వచ్చింది, చిత్రం చర్చకు జవాబుగా తీసినది కాదు. అయితే అధికారం ఉన్నవాడి మీద జాలి కలగదు, పోగొట్టుకొన్నవాడి మీద కలుగుతుంది. ‘రైతుబిడ్డ’ ప్రేక్షకుడికి సాధ్యం కాని సానుభూతి ‘ప్రేమనగర్’ ప్రేక్షకుడికి సాధ్యమయింది. మధ్యలో ఉన్నది 1948 చట్టం.

4. వైభవ చిత్రణ

చిత్రం వైభవాన్ని మూడు విధాలుగా చూపుతుంది. మొదటిది రంగు. తెలుగులో సంపూర్ణ వర్ణచిత్రం ‘లవకుశ’ (1963)తోనే మొదలైనా 1971 నాటికి కూడా ఎక్కువ చిత్రాలు నలుపు–తెలుపులోనే వస్తున్నాయి. సాంఘిక కథకు రంగు వాడడం ఖర్చుతో కూడిన నిర్ణయం. ‘దేవదాసు’ దివాణం నీడలతో నిండి ఉంటే, ‘ప్రేమనగర్’ మేడ తెరలు, దీపాలు, దుస్తుల రంగులతో వెలుగుతుంది. ప్రేక్షకుడు ఆ మేడను చూసి బాధపడడానికి ముందు దాన్ని చూసి ఆనందిస్తాడు.

రెండవది విమానం. కల్యాణ్, లత మొదట కలిసేది విమానంలో. అతడు పుట్టినరోజు వేడుక చేసుకొంటున్న ప్రయాణికుడు, ఆమె విమానంలో ఉద్యోగం చేసే పరిచారిక. హైదరాబాదు విమానాశ్రయం బేగంపేటలో ఉన్న ఆ రోజులలో విమానప్రయాణం సామాన్య ప్రేక్షకుడికి ఊహకు మాత్రమే అందేది. జమీందారీ వైభవానికి పాత గుర్తులు ఏనుగు, పల్లకి, దివాణం. ఈ చిత్రం వాటి స్థానంలో విమానాన్ని పెట్టింది. ఈ మార్పులో ఒక సూక్ష్మం ఉంది. పల్లకిలో వెళ్ళే దొరను ఊరంతా చూస్తుంది, ఊరు తనదని అతడికీ తెలుస్తుంది. విమానంలో వెళ్ళేవాడు కింది భూమితో సంబంధం తెగిపోయినవాడు. అతడు టికెట్టు కొన్న ప్రయాణికుడు మాత్రమే. అతడి వేడుకను చూస్తున్నవారు అతడి ప్రజలు కారు.

మూడవది మేడ. కల్యాణ్‌కు వంశపారంపర్యంగా వచ్చిన ఇల్లు ఉంది. అయినా అతడు మరొకటి కట్టిస్తాడు. మొదటి ఇంటిలో లేనిదేదో రెండవ ఇంటిలో దొరుకుతుందని అతడి ఆశ. ఒంటరితనానికి మందుగా అతడికి తోచినది మరికొంత వైభవమే. అతడు పుట్టి పెరిగిన వర్గం నేర్పిన భాష అదొక్కటే. ప్రేమను చెప్పడానికి కూడా అతడు ఆ భాషనే వాడతాడు. ఘంటసాల గళంలో ఆ మేడను పరిచయం చేసే పాట ప్రేమగీతంగా ప్రసిద్ధమైంది. దాన్ని ఒక గృహప్రదర్శనగా చూస్తే, ఇల్లు చూపించడం తప్ప మరో విధంగా మనసు విప్పలేని మనిషి కనబడతాడు.

5. ఒంటరితనం: మనసులోనిదా, చరిత్రలోనిదా?

కల్యాణ్ ఒంటరితనానికి కథ చెప్పే కారణాలు కుటుంబానికి సంబంధించినవి. ఆయా చేతులలో పెరిగిన బాల్యం, హోదాకు విలువ ఇచ్చే తల్లి (శాంతకుమారి), ఆస్తి మీద కన్నున్న అన్న కేశవవర్మ (సత్యనారాయణ), వీటన్నిటినీ మరిపించే మద్యం. ఇవి మనసుకు సంబంధించిన కారణాలుగా కనిపించినా, ఒక్కొక్కటి వెనుక ఆ వర్గపు జీవన విధానం ఉంది.

పిల్లలను ఆయాలకు అప్పగించడం సంపన్న గృహాలలో గౌరవానికి గుర్తు. అంటే కల్యాణ్‌కు మొదట ప్రేమ పంచినది జీతానికి పనిచేసిన స్త్రీ. లతకు ముందే అతడి జీవితంలో ఆప్యాయత జీతంతో కలిసి వచ్చింది. అన్నదమ్ముల మధ్య పోరు కూడా కొత్త పరిస్థితిదే. ఎస్టేటు ఉన్నప్పుడు చాలా జమీందారీలు జ్యేష్ఠుడికే దక్కేవి. తమ్ముడి స్థానం తక్కువైనా స్పష్టంగా ఉండేది. ఎస్టేటు పోయాక మిగిలినది పంచుకోదగిన ఆస్తి. అధికారం పంచుకోవడానికి వీలు లేనిది, ఆస్తి పంచుకోక తప్పనిది. ఈ స్థితిలో తోబుట్టువు వాటాదారుడవుతాడు. కేశవవర్మ ప్రతినాయకుడు కావడానికి అతడి స్వభావం ఎంత కారణమో ఈ మార్పు కూడా అంత కారణం.

అన్నిటికంటె ముఖ్యమైనది కల్యాణ్‌కు పని లేకపోవడం. శిస్తు వసూలు, దర్బారు, తగవు తీర్పులు, ఉత్సవాల నిర్వహణ అతడి పూర్వుల దినచర్య. అవి న్యాయమైనవా కావా అన్నది వేరు. అవి ఉదయం నుంచి రాత్రి వరకు జమీందారును మనుషుల మధ్య ఉంచేవి. కల్యాణ్‌కు ఆదాయం ఉంది, కర్తవ్యం లేదు. చుట్టూ ఉన్నవారు సేవకులు, విందుకు వచ్చిన అతిథులు, ఆస్తిలో వాటాదారులు. పాలకుడు–రైతు సంబంధం ఈ కథను నడిపే శక్తిగా ఎక్కడా కనబడదు. కథలో ఈ ఖాళీని నింపేది మద్యం. అతడి తాగుడుకు కారణం లత ఎడబాటు కాదు. ఆమెను కలవక ముందే అతడు తాగుబోతు. దేవదాసు విరహం వల్ల తాగుడు మొదలుపెడితే, కల్యాణ్ తాగుడు మానడానికి ప్రేమ కారణమవుతుంది. ఒకే నటుడు పోషించిన ఈ రెండు పాత్రల మధ్య పోలికను ప్రేక్షకులు వెంటనే పట్టుకొన్నారు. తేడా మాత్రం అంతగా చర్చకు రాలేదు. తేడా ఈ వరుసలో ఉంది. దేవదాసుకు ముందు ప్రేమ, తర్వాత ఒంటరితనం. కల్యాణ్‌కు ఒంటరితనం పుట్టుకతో వచ్చిన ఆస్తి.

మేడలో తాను ప్రేమించిన స్త్రీ ఎవరో తెలిపేందుకు కల్యాణ్ లతకు అద్దంలో ఆమె ప్రతిబింబాన్నే చూపిస్తాడు. ఇది చిత్రంలో మనోహరమైన ఘట్టం. అద్దం గదిని మనుషులతో నింపినట్టు కనిపిస్తుంది, నిజానికి ఒక్కరినే పదే పదే చూపుతుంది. ఆ మేడ స్వభావం కూడా అంతే. అందులో ఎన్ని గదులున్నా ఉన్న మనిషి ఒక్కడే.

6. లత: జీతానికి వచ్చిన స్త్రీ చూపు

ఈ చిత్రాన్ని జమీందారీ విలాపంగా మిగలనివ్వకుండా కాపాడినది లత పాత్ర. ఆమె కుటుంబ భారం మోస్తున్న ఉద్యోగిని. విమానంలో ఉద్యోగం వదులుకొని మరో ఉద్యోగం వెతుక్కొంటుంది. ఆ ప్రయత్నంలో ఒక మేనేజరు చేయబోయిన అత్యాచారం నుంచి కల్యాణ్ ఆమెను కాపాడతాడు. తర్వాత అతడికి సెక్రటరీగా చేరుతుంది. ఆమె మేడలోకి అడుగుపెట్టినది వధువుగా కాదు, బంధువుగా కాదు, నెలజీతం మీద. మల్లీశ్వరిని పల్లకి తెచ్చింది, పార్వతిని పెళ్ళి తెచ్చింది. లతను తెచ్చినది అవసరం.

1960, 70లలో తెలుగు వారపత్రికలు, మాసపత్రికలు పెంచిన స్త్రీ పాఠకవర్గానికి ఇటువంటి నాయిక సన్నిహితురాలు. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ నవలలోనూ సంపన్నుడి దగ్గర ఉద్యోగం చేసే యువతి ఆత్మాభిమానమే కథకు ఇరుసు. ఆ నవలను కూడా 1976లో ఇదే నిర్మాత, ఇదే దర్శకుడు, ఇదే జంటతో తెరకెక్కించారు. ఈ నవలలను ఊహాలోకపు కథలని తేలికచేయడం విమర్శలో తరచుగా కనిపిస్తుంది. సంపన్నుడైన నాయకుడు, కారు, మేడ ఊహే కావచ్చు. ఉద్యోగానికి వెళ్ళే స్త్రీ మీద పడే అనుమానం మాత్రం పాఠకురాలికి అనుభవంలో ఉన్నదే.

ఆ అనుమానమే ‘ప్రేమనగర్’ కథకు మలుపు. మేడలో నగ దొంగతనం జరిగిందని లత మీద నింద పడుతుంది. ఇంటివారి కుట్ర కంటె ఆమెను గాయపరచినది కల్యాణ్ సందేహం. అతడు ఆమెను ప్రశ్నించిన ఆ ఒక్క క్షణంలో ప్రియురాలు మళ్ళీ జీతగత్తె అయింది. మేడ అంతా ఆమె పేర కట్టించినవాడు ఒక నగ దగ్గర ఆమెను నమ్మలేకపోయాడు. నిజం తెలిశాక అతడు పశ్చాత్తాపపడినా ఆమె తిరిగి రాదు. ప్రేమ ఉండీ ఆమె నిరాకరించడం చిత్రంలో అత్యంత బలమైన విమర్శ. కులీన గృహపు ఒంటరితనం బయటి నుంచి వచ్చినది కాదనీ, నమ్మకాన్ని ఆస్తితో కొలిచే అలవాటు నుంచి పుట్టినదనీ ఆ నిరాకరణ తేల్చిచెబుతుంది.

ఇక్కడి నుంచి చిత్రం మళ్ళీ కల్యాణ్ వైపు మొగ్గుతుంది. తాగనని లతకు ఇచ్చిన మాటను ప్రాణం మీదికి వచ్చినా అతడు నిలబెట్టుకొంటాడు. ఆమె వద్దన్నది మద్యాన్నే గాని విషాన్ని కాదన్న తర్కంతో చివరకు విషం తీసుకొంటాడు. ఆత్రేయ మాటలు, ఘంటసాల విషాదగీతం కలిసి ప్రేక్షకుడి సానుభూతిని పూర్తిగా అతడి వైపు తిప్పుతాయి. విషాదం అంచు దాకా వెళ్ళిన కథ ఇద్దరినీ కలిపి ముగుస్తుంది. అయితే లత పడిన అవమానానికి బాధ్యత ఎవరిదన్న ప్రశ్న ఆ కన్నీళ్ళలో కొట్టుకుపోతుంది. మేడ మారకుండానే ఆమె మేడకు తిరిగి వస్తుంది.

7. ఇతర భాషల పోలికలు

సత్యజిత్ రాయ్ ‘జల్సాఘర్’ (1958)లోని జమీందారు పరువు కోసం మిగిలిన డబ్బును ఒక్క సంగీత సభకు ఖర్చుచేస్తాడు. ఆ చిత్రం అతడి రసజ్ఞతను గౌరవిస్తూనే అతడి అహంకారాన్ని క్షమించదు. అబ్రార్ అల్వీ ‘సాహిబ్ బీబీ ఔర్ గులామ్’ (1962)లో భర్తను ఇంటిలో నిలుపుకోవడం కోసం చిన్న కోడలు తాగుడు నేర్చుకొంటుంది. అక్కడ మేడలోని ఒంటరితనపు బరువంతా స్త్రీ మోస్తుంది. రెండు చిత్రాలూ మేడ పతనంతో ముగుస్తాయి. ‘ప్రేమనగర్’లో మేడ పడిపోదు, దానికి ఇల్లాలు దొరుకుతుంది. బెంగాలీ నేపథ్యపు కథలు ఒక వర్గానికి చరమగీతం పాడితే, తెలుగు కథ ఆ వర్గానికి మధ్యతరగతి నుంచి కొత్త ప్రాణం పోసింది. వ్యవసాయ సంపద నుంచి పరిశ్రమలకు, సినిమాలకు, నగరాలకు పెట్టుబడి తరలుతున్న 1970ల ఆంధ్రలో సంపన్న గృహం ముగిసిపోయిన గతంగా గాక చేరుకోదగిన భవిష్యత్తుగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

8. గడికి ఒంటరితనం ఉందా?

ఇదే దశాబ్దంలో తెలంగాణ నేపథ్యంతో వచ్చిన చిత్రాలు ఈ ప్రశ్నకు వేరే జవాబు ఇచ్చాయి. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు నిర్మించిన ‘మా భూమి’ (1979)లో దొర మనసుకు చోటు లేదు. వెట్టి, అప్పు, గడి హింస ఆ చిత్రానికి వస్తువు. 1946–51 సాయుధ పోరాటపు జ్ఞాపకం పచ్చిగా ఉన్న నేల మీద దొరను జాలితో చూడడం సాధ్యం కాలేదు. ఈ విధంగా ‘మా భూమి’ నలభై ఏళ్ళ నాటి ‘రైతుబిడ్డ’కు దగ్గరి బంధువు.

శ్యామ్ బెనెగళ్ ‘అంకుర్’ (1974) మరింత సూటిగా ప్రశ్నిస్తుంది. నగరంలో చదువు ఆపించి తండ్రి పల్లెకు పంపిన సూర్య అనే యువ భూస్వామి ఆ ఇంటిలో నిజంగానే ఒంటరివాడు. బెనెగళ్ ఆ ఒంటరితనాన్ని కాదనలేదు. దాని మూల్యం ఎవరు చెల్లించారో చూపించాడు. సూర్య పనిమనిషి లక్ష్మిని దగ్గరకు తీసి, ఆమె గర్భవతి అయ్యాక బాధ్యత తప్పించుకొంటాడు. తన భయంతో ఆమె భర్త, మూగవాడైన కిష్టయ్యను కొరడాతో కొడతాడు. కల్యాణ్, సూర్య ఇద్దరూ భూస్వాముల బిడ్డలు, ఇద్దరూ ఒంటరివారు, ఇద్దరి ఇంటికీ జీతం మీద ఒక స్త్రీ వచ్చింది. ఒక కథ ఆ స్త్రీకి మేడ కట్టించింది, మరొక కథ ఆమె చేత శాపనార్థాలు పెట్టించింది. మూడేళ్ళ తేడాతో వచ్చిన ఈ రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి చదివినప్పుడే ఒక్కొక్కటి దాచినది తెలుస్తుంది. ‘ప్రేమనగర్’ భూమిని దాచింది. ‘మా భూమి’ వంటి చిత్రం గడి లోపలి మనుషులను వదిలివేసింది. ‘అంకుర్’ రెండింటినీ ఒకే ఇంటిలో చూడగలిగింది.

9. ఉపసంహారం

‘ప్రేమనగర్’లోని ఒంటరితనం ప్రేమకథకు అలంకారం కాదు. పాలించడానికి ప్రజలు లేక, చేయడానికి పని లేక, నమ్మడానికి అలవాటు లేక మిగిలిన సంపన్న గృహపు స్థితి అది. జమీందారీ రద్దు తర్వాతనే తెలుగు సినిమా జమీందారును లోపలి నుంచి చూడగలిగింది. చట్టం అతడి నుంచి అధికారాన్ని తీసుకుంది, సినిమా అతడికి హృదయాన్ని ఇచ్చింది. ఈ మార్పిడిలో రైతు కథ నుంచి తప్పుకొన్నాడు, ఉద్యోగిని ముందుకు వచ్చింది. లత నిరాకరణను కేంద్రంగా చేసుకొని చదివితే ఈ చిత్రం కులీనతపై విమర్శ. కల్యాణ్ కన్నీటిని కేంద్రంగా చేసుకొని చదివితే కులీనతకు క్షమాపత్రం. రెండు పాఠాలూ చిత్రంలో ఉన్నాయి. ప్రేక్షకాదరణ పొందినది రెండవది. మొదటిదాన్ని వెలికితీయడం పరిశోధకుల పని.

షాద్‌నగర్‌కు చేరువలోని బూర్గుల గ్రామాన్ని ఇంటిపేరుగా కలిగిన బూర్గుల రామకృష్ణారావు 1952లో హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. 1950 నాటి కౌలుదారీ చట్టానికి 1954లో ముఖ్యమైన సవరణలు జరిగినది ఆయన కాలంలోనే. అంటే ఒక ప్రభువు కవినామం మోస్తున్న ఊరి పక్కనే, రక్షిత కౌలుదారుకు భూమి మీద హక్కు పెంచిన పాలకుడి ఊరు ఉంది. 2008లో శంషాబాదులో విమానాశ్రయం మొదలయ్యాక ఈ రెండు ఊళ్ళ చుట్టూ పొలాలు లేఅవుట్లుగా, విల్లాలుగా, ఫామ్‌హౌసులుగా మారుతున్నాయి. విమానాలు ఇప్పుడు ఈ పొలాల మీదుగానే దిగుతున్నాయి. మేడలు మళ్ళీ లేస్తున్నాయి. వాటి ప్రహరీల వెనుక వైభవమూ ఉంటుంది, ఒంటరితనమూ ఉంటుంది. రెండూ కథలకు వస్తువులు అవుతాయి. ఆ కథలను చదివేటప్పుడు మేడ కింద ఉన్న నేల ఎవరిదన్న ప్రశ్నను మరచిపోకూడదని ‘ప్రేమనగర్’ పఠనం గుర్తుచేస్తుంది.